సంచి మీద 28 శాతం, చేపకు అందింది ఎంత? చెక్క మేతలో సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో శీలావతి, బొచ్చె, ఎర్రమోసు చేపలను పెంచే రైతులకు నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క (గింజల నుంచి నూనె తీయగా మిగిలే పిప్పి), పత్తి గింజల చెక్క, ఈ మధ్య సోయా చెక్క, ఇవే ప్రధానమైన మేత. చేపపొడి లేని మేతతో చేప ఎదగదన్న భయం అక్కర్లేదు. మాంసాహారి అయిన సాల్మన్ చేపకు నార్వేలో పెట్టే మేతలో కూడా, 1990లో 65 శాతంగా ఉన్న సముద్రపు మాంసకృత్తుల వాటా 2013 నాటికి 18 శాతానికి తగ్గింది. అలాంటప్పుడు నాచు, కుళ్ళిన ఆకు తిని బతికే శీలావతికి మొక్కల మేత కొత్త కాదు.

చిక్కంతా అంకెతో వస్తుంది. సంచి మీద రాసే మాంసకృత్తుల శాతం, మేతలోని నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చించగా వచ్చిన లెక్క మాత్రమే. ఆ నత్రజని ఏ రూపంలో ఉందో, అందులో ఎంత చేప ఒంటికి పడుతుందో ఆ అంకె చెప్పదు. ఎవరైనా యూరియా కలిపినా అంకె పెరుగుతుంది. కింది సమస్యల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది, అన్నింటికీ కాదు.

సమస్య: మేత మిగిలిపోతోంది

ఉదయం చెరువులో కట్టిన మేత సంచిలో మధ్యాహ్నానికి కూడా పిండి మిగిలి ఉంటే రైతు మొదట చెక్కను అనుమానిస్తాడు. అయితే ముందు చూడవలసింది నీటిని. కరిగిన ప్రాణవాయువు లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఎంత మంచి మేత పెట్టినా చేప ముట్టదు. తెల్లవారుజామున గట్టు మీద నిలబడి, చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తున్నాయేమో చూడాలి. అలా కనిపిస్తే, మబ్బు పట్టిన రోజుల్లోనైతే మరీ, ఆ పూటకు మేత ఆపి, నీటిలో గాలి కలిపే ఏరేటరు తిప్పాలి. ఏరేటరు లేకపోతే ఇంజనుతో నీటిని తోడి అదే చెరువులోకి ఎత్తు నుంచి పడేలా చిమ్మించాలి. వాన మీద ఆధారపడిన ఊరి చెరువుల్లో మార్చి వచ్చేసరికి నీరు అడుగంటుతుంది కనుక, చేప బరువు పెరిగిందన్న లెక్కతో ఆ నెలల్లో మేత పెంచడం పొరపాటు.

నీరు బాగానే ఉంటే అప్పుడు సంచి వాసన చూడాలి. మిల్లు నుంచి నేరుగా తెచ్చిన, నూనె తీయని తవుడులో 12 నుంచి 18 శాతం నూనె ఉంటుంది. బియ్యం పాలిష్ పట్టిన క్షణం నుంచే తవుడులోని ఎంజైము ఆ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది, కాబట్టి కొద్ది రోజుల్లోనే అది ముక్కిపోయి చేదెక్కుతుంది, విటమిన్ ఇ కూడా నశిస్తుంది. అటువంటి తవుడు తాజాగా వారానికి సరిపడా మాత్రమే తెచ్చుకోవాలి. నెలకు సరిపడా కొని నిల్వ పెట్టాలంటే రైతులు డీఓబీ అని పిలిచే నూనె తీసిన తవుడే కొనాలి. వేరుశనగ చెక్క మాన్పించి ఒక్కరోజులో పత్తి చెక్కకు మార్చినా చేపలు రెండు మూడు రోజులు మేతకు రావు. పాతదాన్ని తగ్గిస్తూ, కొత్తదాన్ని పెంచుతూ పది రోజుల్లో మారిస్తే ఈ ఇబ్బంది ఉండదు.

సమస్య: తింటోంది, కానీ పెరగడం లేదు

ఎక్కువ డబ్బు నీళ్ల పాలయ్యేది ఇక్కడే. తవుడు సగం, వేరుశనగ చెక్క సగం కలిపే రైతు లెక్క ఇలా ఉంటుంది: నూనె తీసిన తవుడులో సుమారు 15 శాతం, వేరుశనగ చెక్కలో సుమారు 42 శాతం మాంసకృత్తులు ఉంటాయి, రెంటి సగటు 28.5 శాతం, పెరిగే చేపకు అది చాలు. లెక్కలో తప్పు లేదు. కానీ చేపకు కావలసింది ఒట్టి మాంసకృత్తులు కావు, వాటిలోని అమైనో ఆమ్లాలు, అంటే మాంసకృత్తులు తయారయ్యే చిన్న భాగాలు, ఫలానా పాళ్లలో కావాలి. పొలానికి నత్రజని ఎంత వేసినా జింకు లోపం ఉంటే వరి ఎదగనట్టే, ఒక్క అమైనో ఆమ్లం తక్కువైనా మిగిలినవి కండగా మారవు. శరీరం వాటిని మండించి అమ్మోనియాగా మొప్పల ద్వారా నీటిలోకి వదిలేస్తుంది.

శీలావతి, బొచ్చె వంటి కార్పు జాతి చేపలకు మాంసకృత్తుల్లో 5.7 శాతం మేరకు లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాలి. వేరుశనగ మాంసకృత్తుల్లో అది సుమారు 3.5 శాతమే, తవుడులో 4.4 వరకు ఉంటుంది. అంటే పైన చెప్పిన మిశ్రమంలో అవసరమైన లైసిన్‌లో మూడింట రెండు వంతులే ఉంది. సోయా చెక్క మాంసకృత్తుల్లో 6.2 శాతం వరకు ఉంటుంది కనుక, వేరుశనగ చెక్కలో సగం తీసి ఆ స్థానంలో సోయా చెక్క వేస్తే మిశ్రమం 4.8 శాతానికి చేరుతుంది. మిగిలిన లోటును, చెరువులో ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) బాగా ఉంటే, అవి చాలావరకు పూడుస్తాయి. చేపలను దట్టంగా వదిలిన చెరువులో అంత సహజాహారం తలకు అందదు. అక్కడ వేరుశనగను పూర్తిగా తీసేయడమో, బజారులో దొరికే లైసిన్ పొడి కలపడమో చేయాలి.

సోయాకు ఉన్న లోపం వేరు, అందులో మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం తక్కువ. మన ఇళ్లలో మునగాకుతో కూర వండుకునే తెలగపిండి, అంటే నువ్వుల చెక్క, ఈ లోపాన్ని తీరుస్తుంది. నువ్వులో లైసిన్ తక్కువ, మిథియోనిన్ ఎక్కువ. సోయాలో అందుకు తిరగబడి ఉంటుంది. ఈ రెండు జిల్లాల్లో నువ్వు పండుతుంది కనుక, ధర కలిసొచ్చిన రోజుల్లో మిశ్రమంలో 10 శాతం వరకు వేయడం నా ఉద్దేశంలో లాభసాటి పని.

కొందరు చెక్కకు బదులు సోయా గింజలనే పచ్చిగా పిండి చేసి వేస్తున్నారు. పచ్చి సోయాలో మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ ఎంజైమును అడ్డుకునే పదార్థం ఉంటుంది, అది వేడికే పోతుంది. గింజలను బాగా ఉడికించో వేయించో వాడాలి. పత్తి గింజల చెక్కలోని గాసిపాల్ అనే పదార్థం అసలే తక్కువైన లైసిన్‌ను పట్టేసి చేపకు అందకుండా చేస్తుంది, కాబట్టి అదొక్కటే మేతగా ఎన్నడూ వేయకూడదు.

సమస్య: పొట్టలో కొవ్వు, వంకర వెన్ను, తెల్లవారితే ఆయాసం

పట్టుబడిలో కడుపు కోసి చూస్తే కొవ్వు పేరుకుని ఉండటం, కొన్ని చేపల వెన్ను వంకర తిరగడం, చెరువు నీరు చిక్కటి ఆకుపచ్చగా మారడం, ఈ మూడూ వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి. మూడూ ఒక్కచోటే కనిపిస్తే మాత్రం భాస్వరాన్ని అనుమానించాలి. గింజల్లో, తవుడులో ఉండే భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటిక్ ఆమ్లం రూపంలో బిగిసి ఉంటుంది, దాన్ని విడదీసే ఎంజైము చేపకు లేదు. ఎముకకు చేరవలసిన భాస్వరం పెంటతో చెరువులోకి పోతుంది. అక్కడ అది నాచుకు ఎరువవుతుంది, పెరిగిన నాచు రాత్రంతా ప్రాణవాయువును పీల్చేస్తుంది, తెల్లవారేసరికి చేప నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంది.

దీనికి పశువుల దాణాలో వేసే డైకాల్షియం ఫాస్ఫేటును కలిపి సరిపెట్టుకునే అలవాటు ఉంది. శీలావతి, బొచ్చె వంటి చేపలకు జీర్ణాశయం ఉండదు, నోటి నుంచి మేత నేరుగా పేగులోకే వెళ్తుంది. ఆమ్లం లేని ఆ పేగులో డైకాల్షియం ఫాస్ఫేటు సగమైనా కరగదు, మోనోకాల్షియం ఫాస్ఫేటు మాత్రం దాదాపు పూర్తిగా అందుతుంది. ధర ఎక్కువైనా రెండోదాన్నే మేతలో 1 నుంచి 1.5 శాతం కలపాలి. ఫైటిక్ ఆమ్లాన్ని విడదీసే ఫైటేజ్ ఎంజైము పొడి కూడా ఆమ్ల గుణం ఉన్నచోట బాగా పనిచేసేదే. కోళ్ల మేతలో దానికి వచ్చిన ఫలితమే కార్పు చేపల్లోనూ వస్తుందని ఆశించకూడదు.

సమస్య: రోజుకు ఒకటి రెండు చావులు, పాలిపోయిన కాలేయం

చచ్చిన చేపను కోస్తే కాలేయం ముదురు ఎరుపు పోయి పసుపు రంగుకు తిరిగి ఉంటే, నిల్వ ఉన్న చెక్క సంచులను వెంటనే విప్పి చూడాలి. తడి తగిలిన వేరుశనగ, పత్తి చెక్కల మీద పెరిగే ఆస్పర్జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్ష వరకు టర్కీ కోళ్లు చనిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోనే ఈ విషం బయటపడింది. అదే కాలంలో అమెరికా హేచరీల్లోని ట్రౌట్ చేపలకు మేతలోని పత్తి గింజల పిండి వల్ల కాలేయ క్యాన్సర్ సోకింది. మన కార్పులు ట్రౌట్ అంత సున్నితమైనవి కావు గనుక చావులు ఒక్కసారిగా రావు, పెరుగుదల మందగించి, ఇతర జబ్బులు సులువుగా పట్టుకుంటాయి.

ఈ విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. బూజు కనిపించిన సంచిని పారవేయాలి. మంచి చెక్కతో కలిపి పలుచన చేయడం విషాన్ని చెరువంతా పంచడమే, చెక్క ధర తెలిసిన రైతుకు ఇది మింగుడు పడని మాటే అయినా చెప్పక తప్పదు. అక్టోబరు తుఫాన్లు ఈ జిల్లాలకు కొత్త కావు, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలోనే వచ్చాయి. అందువల్ల సెప్టెంబరు చివరి నుంచి పదిహేను రోజులకు మించిన నిల్వ పెట్టకుండా, సంచులను గోడకు జానెడు ఎడంగా చెక్క బల్లల మీద పేర్చుకోవాలి.

మేత మార్చిన తరువాత ఫలితం వారంలో కనిపించదు. మార్చిన రోజున విసురు వల వేసి పాతిక చేపలను తూచి బరువు రాసుకోవాలి, ఇరవై రోజుల తరువాత అదే చోట మళ్లీ తూచాలి. తూచేటప్పుడు రెక్కల మొదట్లో, పొలుసుల మీద చేప పేను ఉందేమో కూడా చూడాలి; అది కనిపిస్తే మందగించిన పెరుగుదలకు కారణం మేత కాకపోవచ్చు, ముందు పేనుకు మందు వేసి, ఆ తరువాతే చెక్కల పాళ్లను మార్చాలి.