ఆఫీసు కంప్యూటర్లలో ఒకదాంట్లో వైరస్ దొరికిందా? మిగతావి కూడా చూడాల్సిందే

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లలో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది మాట ఒకటే: "అన్నా, వైరస్ అని చూపించింది, తీసేశాం, మళ్లీ వచ్చింది." చాలాసార్లు అది వచ్చేది పక్క కంప్యూటర్ నుంచే. ఒక గదికి చెదమందు కొట్టి పక్క గదిని వదిలేసినట్టు ఉంటుంది వ్యవహారం. నాలుగు కంప్యూటర్లు ఒకే నెట్‌వర్క్ స్విచ్‌కి (లాన్ కేబుళ్లన్నీ కలిసే డబ్బాకి) కలిపి ఉంటే, దొరికింది ఒకదాంట్లోనే అయినా పని నాలుగింటికీ ఉందనే లెక్క.

ముందు లాన్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. కంప్యూటర్ ఆఫ్ చేయనక్కర్లేదు. కేబుల్ తీశాక కూడా ఫైళ్ల పేర్లు కళ్లముందే మారిపోతుంటే మాత్రం పవర్ కట్ చేసేయండి. సీజన్‌లో బిల్లింగ్ ఆగిందని యజమాని కేకలేస్తాడు, ఆ పూటకి పట్టీలు చేత్తో రాయించండి.

కంగారులో ఏదీ డిలీట్ చేయొద్దు. విండోస్ సెక్యూరిటీ తెరిచి ప్రొటెక్షన్ హిస్టరీలోకి వెళ్లి, ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అందులో రెండు విషయాలు చూడాలి. వైరస్ పేరులో కోలన్ (:) గుర్తుకి ముందున్న మాట మొదటిది: వార్మ్ అని ఉంటే తనంతట తాను పాకే రకం, బ్యాక్‌డోర్ అంటే బయటివాడికి తలుపు తీసిపెట్టే రకం. ఫైల్ ఉన్న చోటు రెండోది. డౌన్‌లోడ్స్‌లో ఉంటే ఎవరో దించుకున్నారు. పెన్‌డ్రైవ్ అక్షరం ఉంటే ఆ పెన్‌డ్రైవ్ ఎవరిదో, ఇంకా దేనికి పెట్టారో కనుక్కోండి. షేర్డ్ ఫోల్డర్‌లో, అంటే అన్ని కంప్యూటర్ల నుంచీ తెరుచుకునే ఫోల్డర్‌లో ఉంటే మాత్రం అసలు రోగి వేరే కంప్యూటర్ కావచ్చు.

ఆ రోగిని పట్టుకోవడం కష్టమేం కాదు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, దాంట్లో షేర్డ్ ఫోల్డర్స్, అందులో సెషన్స్ తెరవండి. ఆ సమయంలో ఏ కంప్యూటర్ ఏ యూజర్ పేరుతో తగులుకుని ఉందో కనిపిస్తుంది. అనుమానం ఉన్న ఫైల్ ఇంకా అక్కడే ఉంటే, దాన్ని తెరవకుండా ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లో ఓనర్ అని ఏ యూజర్ పేరుందో చూడండి. కాకపోతే మన కొట్లలో గుమస్తాలందరూ ఒకే యూజర్ పేరు, ఒకే పాస్‌వర్డ్ వాడతారు, అప్పుడు ఓనర్ చూసీ లాభం లేదు. తలా ఒక యూజర్ పెట్టమని నేను గోల చేసేది ఇందుకే.

ఇక శుభ్రం చేయడం. అన్నింటికీ కేబుళ్లు తీసి, ఒక్కోదానికీ విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్, మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరుకుతాయి, పావుగంట పడుతుంది. తర్వాత ఫుల్ స్కాన్. ఎక్స్‌క్లూజన్స్ జాబితా, అంటే స్కాన్ చేయకుండా వదిలేసే వాటి జాబితా తప్పకుండా చూడండి. క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసినవాడు "యాంటీవైరస్ అడ్డొస్తోంది" అని సీ డ్రైవ్ మొత్తాన్ని అందులో పడేసి పోతాడు, ఇక స్కాన్ ఎన్నిసార్లు నడిపినా అంతా క్లీన్ అనే వస్తుంది. వాటంతటవే నడిచే ప్రోగ్రామ్‌లుండే టాస్క్ షెడ్యూలర్‌లోనూ, స్టార్టప్‌లోనూ తెలియని పేర్లుంటే ఆపండి.

బ్యాక్‌డోర్ గానీ, పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకం గానీ అయితే నా సలహా ఫార్మాటే. డేటా కాపీ చేసుకుని, కాపీని స్కాన్ చేసి, విండోస్ కొత్తగా వేయండి. బ్యాంకు, జీఎస్టీ, మెయిల్ పాస్‌వర్డ్‌లు వేరే శుభ్రమైన ఫోన్ నుంచి మార్చి, అన్ని చోట్లా లాగౌట్ కొట్టండి. బ్యాంకులో డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే రకమైతే ఫార్మాట్‌కి తొందరపడొద్దు. లాకైన ఫైళ్లను విడిగా దాచి, నో మోర్ రాన్సమ్ సైట్‌లో ఉచిత తాళంచెవి ఉందేమో చూడండి. కొన్ని రకాలకే ఉంటుంది.

మళ్లీ కలిపేటప్పుడు షేర్డ్ ఫోల్డర్ ఉన్నదాన్ని ముందు, మిగతావాటిని ఒక్కొక్కటిగా, కాస్త ఆగి చూసుకుంటూ కలపండి. ఆ ఫోల్డర్‌కి ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్ అని, అంటే ఎవరైనా ఏదైనా మార్చేలా ఉంటే ఆ అనుమతి తీసేయండి. విండోస్ ఫీచర్స్‌లో ఎస్‌ఎంబీ 1 (కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) టిక్ కూడా తీయండి, పాత స్కానర్ ఏదైనా ఆగితే దాని సంగతి తర్వాత. 2017 మేలో వానాక్రై అనే, ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వైరస్ ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే ఈ దారిలోనే పాకింది. మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చి ఉంది.

కాటా దగ్గర ఇంకా విండోస్ 7 నడుస్తుంటే, దానికి 2020 జనవరితోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. దాన్ని తిరిగి నెట్‌వర్క్‌కి కలపకండి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తో విడిగా పని చేసుకోనివ్వండి.