వానాకాలంలో ట్యాంక్ మోడల్‌కి స్ప్రే క్యాన్ ఎత్తే ముందు

జూన్ వచ్చేసింది, ఇంక నాలుగు నెలలు మన కిట్లకి కష్టకాలమే. కోస్తాలో ఉన్నవాళ్ళైతే అక్టోబర్, నవంబర్ కూడా కలుపుకోండి, అల్పపీడనాలు మన వార్నిష్ ఆరేదాకా ఆగవు కదా. (ట్యాంక్ అంటే మేడమీద నీళ్ళ ట్యాంక్ కాదండీ, ప్లాస్టిక్ కిట్ సంగతి.)

నా మొదటి టీ-34/85 (రెండో ప్రపంచ యుద్ధం నాటి రష్యా ట్యాంక్), 1/35 స్కేల్‌ది, మూడు వారాలు కూర్చుని చేశా, డెకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తులు), తుప్పు, బురద అన్నీ అయ్యాయి, మ్యాట్ వార్నిష్ (మెరుపు లేనిది) ఒక్క కోటు కొడితే అయిపోయినట్టే అని ఆగస్టులో ఒక సాయంత్రం బయట తుంపర పడుతుంటే బాల్కనీలో నిలబడి కొట్టేశా. పది నిమిషాల తర్వాత చూస్తే పచ్చటి ట్యాంక్ మీద ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉంది. మా బావమరిది చూసి "వింటర్ కామఫ్లాజ్ బాగా కుదిరింది బావా" అన్నాడు. యుద్ధంలో రష్యావాళ్ళు చలికాలం నిజంగానే ట్యాంకులకి తెల్లరంగు కొట్టేవాళ్ళు లెండి, నాది మాత్రం తేమ చేసిన పని.

అసలు ఏం జరుగుతుందంటే, క్యాన్‌లోని సాల్వెంట్ (రంగుని పల్చగా ఉంచే ద్రవం) చాలా స్పీడ్‌గా ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు పెయింట్ పొరని చల్లబరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువుంటే ఐస్ నీళ్ళు పోసిన గ్లాసు మీద చెమట పట్టినట్టు ఆ పొర మీదా పడుతుంది, అందులోనే ఇరుక్కుని తెల్లగా కనిపిస్తుంది. అందుకే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ (గాలిలో తేమ చూపించే మీటర్) ఒకటి కొని పెయింట్ వేసే టేబుల్ మీదే పెట్టండి. నా సొంత లెక్క అయితే తేమ 65 శాతం దాటితే లాకర్ (ఘాటు సాల్వెంట్ ఉన్న పెయింట్) స్ప్రే క్యాన్ ముట్టుకోను, 80 ఉన్నప్పుడు ఎవరెన్ని చెప్పినా వినను. ఒకవేళ తెల్లబడితే కంగారుపడి గుడ్డతో రుద్దకండి, పొడిగా ఉన్న రోజు చూసి గ్లాస్ వార్నిష్ (మెరుపుది) పల్చగా ఒక కోటు కొడితే చాలాసార్లు క్లియర్ అవుతుంది, దాని మీద మళ్ళీ మ్యాట్. అన్నిసార్లూ పోదు, అదీ చెప్తున్నా.

క్యాన్ సరిగ్గా కలపకపోయినా మ్యాట్ వార్నిష్ తెల్లగానే వస్తుంది, మ్యాట్ పొడి అడుగున కూర్చుని ఉంటుంది కదా. కనీసం రెండు నిమిషాలు ఊపండి, చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో కాసేపు పెట్టండి, మరిగే నీళ్ళలో మాత్రం వద్దు, పేలుతుంది. స్టవ్ దగ్గర, దేవుడి దీపం దగ్గర స్ప్రే అస్సలు చెయ్యొద్దు. ఏసీ వేసుకుని తలుపులేసుకుని కొట్టేవాళ్ళు ఉన్నారు, స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుందండీ, వాసన బయటకి పోదు. కిటికీ తెరవండి, సాల్వెంట్ ఆవిర్లకి కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి, మామూలు గుడ్డ మాస్క్ పనికిరాదు.

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటిది) వాడేవాళ్ళకి ఇంకో తలనొప్పి: కంప్రెసర్ నొక్కిన గాలిలోంచి నీళ్ళు దిగుతాయి, పైపులో చేరి సరిగ్గా టరెట్ ముందు భాగం మీదే టప్‌మని ఉమ్ముతాయి. పైపులో నీళ్ళు పట్టే మాయిశ్చర్ ట్రాప్ పెట్టి, సీజన్‌లో పని అయిన ప్రతిసారీ ప్రెషర్ తీసేసి కంప్రెసర్ గాలి ట్యాంక్ కింది వాల్వ్ తిప్పి నీళ్ళు వదిలెయ్యండి.

ఆరే టైమ్ మీద మాత్రం తొందర వద్దు. వేలికి అంటుకోకపోతే ఆరినట్టు కాదు, ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి, వాసన వస్తుంటే ఇంకా ఆరలేదు. ఎనామెల్ వాష్‌కి (గీతల్లోకి దిగేలా పూసే పల్చటి రంగు) ఎండలో ఒక రోజు సరిపోతే వానల్లో నేను మూడు రోజులు వదిలేస్తా. వాష్ ముందు గ్లాస్ కోటు తప్పనిసరి, లేకపోతే వాష్ పెయింట్‌లోకి ఇంకి మచ్చలు పడతాయి, పైగా వాష్‌లో ఉన్న సాల్వెంట్ పెయింట్ లేని ప్లాస్టిక్‌లోకి పోతే వీల్ ఇరుసులు, సన్న భాగాలు పెళుసైపోయి విరుగుతాయి. వాష్‌కి, బ్రష్ కడగడానికి హార్డ్‌వేర్ షాపులో మినరల్ టర్పెంటైన్ అడగండి, ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ ఇస్తే తీసుకోవద్దు, అది ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. ఎన్‌సీ అని లేబుల్ మీద సన్నగా రాసుంటుంది, సీసా తిప్పి చూడండి.

ఇంకో చిన్న విషయం, సూపర్ గ్లూ గట్టిపడేదే తేమతో, కాబట్టి ఈ రోజుల్లో తొందరగా గట్టిపడుతుంది, పక్కన ఉన్న గాజులాంటి పారదర్శక ప్లాస్టిక్ భాగాల మీద తెల్లటి పొగ కూడా పడుతుంది. పెరిస్కోప్, హెడ్‌లైట్ అద్దాలకి పీవీఏ జిగురు (తెల్ల జిగురు) వాడండి. డెకాల్ షీట్లు సిలికా జెల్ ప్యాకెట్‌తో జిప్ కవర్‌లో పెట్టండి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చేవే చాలు.

ఇంతకీ పనే ఆపేయాలా అంటే కాదు. వాటర్ బేస్డ్ ఆక్రిలిక్ బ్రష్‌తో వేసుకోవచ్చు, కాస్త లేటుగా ఆరుతుంది అంతే. చక్రాలు, ట్రాక్‌లు, సిబ్బంది బొమ్మల ముఖాలు, గన్ బ్యారెల్ అతుకు గీత రుద్దడం, ఇవన్నీ ఇప్పుడు చేసేసి, వార్నిష్‌కి రెడీ అయినవన్నీ ఒక డబ్బాలో మూతపెట్టి ఉంచండి. నా దగ్గర ఇప్పుడు రెండు టీ-55లు, ఒక పాంథర్ అలాగే క్యూలో ఉన్నాయి, మీటర్ 74 చూపిస్తోంది.