పొగంతా హాల్లోకే
ఒహాయోలో ఇల్లు కొన్న రెండో చలికాలం. ఫైర్‌ప్లేస్ వెలిగించగానే పొగంతా హాల్లోకే తన్నుకొచ్చింది. పొగగొట్టానికి లోపలుండే మూత, డ్యాంపర్, తెరిచే ఉంది. మర్నాడు టార్చి వేసి పైకి చూస్తే గొట్టం గోడలకు తారులా మెరుస్తూ నల్లటి పెచ్చు, కట్టెల పొగ పేరుకుని గట్టిపడ్డ క్రియోసోట్! అదే అంటుకుంటే చిమ్నీలోనే మంటలు. బ్రష్షు కొని గీకేద్దామనుకున్నా, మా ఆవిడ ఒప్పుకోలేదు. మంచిదే అయింది. అలా మెరిసే గట్టి పెచ్చు మామూలు బ్రష్షుకు రాదట. చిమ్నీ క్లీనింగ్ అతను మందు కొట్టి, తర్వాత మళ్ళీ వచ్చి గొలుసులు తిప్పి రాల్చాడు. పైమూత జాలీ మసితో పూడిపోయింది, పొగ వెనక్కి తన్నింది అందుకే. తప్పు నాదే, నిరుడంతా పచ్చికట్టెలు కాల్చాను. ఇప్పుడు కట్టె చీల్చి తేమ మీటరు గుచ్చుతా, 20 శాతం లోపుంటేనే మంటలోకి. హాల్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టాం.