ప్యాడ్లు మార్పిస్తున్నారా? పిన్నులు కూడా చూడండి

కారు ముందు డిస్క్ బ్రేక్ ప్యాడ్లు మార్పించేటప్పుడు పాత వాటిని పారేయనివ్వకండి, పక్కపక్కన పెట్టి చూడండి. మొన్న హన్మకొండలో మా కారు చక్రం విప్పిస్తే లోపలి ప్యాడ్ ఇనుప రేకు దాకా అరిగిపోయింది, బయటిది సగం కూడా అరగలేదు. ఇలా ఉంటే చాలాసార్లు తప్పు ప్యాడ్‌ది కాదు, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) జరిగే పిన్నులు పట్టేసి ఉంటాయి. పిన్ను మీది రబ్బరు తొడుగు చిరిగితే మన రోడ్ల దుమ్ము, వానాకాలం బురద లోపలికి పోయి తుప్పు పడుతుంది. పిన్ను తీయించి, శుభ్రంగా తుడిపించి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పల్చగా రాయించండి. మామూలు గ్రీజు అస్సలు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. పిన్ను చేత్తో నెడితే సాఫీగా జరగాలి. అట్లనే ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ కూడా వెనక్కి పోతుందో లేదో చూడమనండి.

విప్పిన క్యాలిపర్‌ను బ్రేక్ పైపు మీద వేలాడనివ్వకండి, తీగతో పైకి కట్టమనండి. ప్యాడ్లు రెండు చక్రాలకూ ఒకేసారి మార్చాలి.

పని అయ్యాక బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. మొదటిసారి అది నేరుగా కిందికి పోతుంది, బ్రేక్ పడదు. దయచేసి ఇది మాత్రం మర్చిపోకండి.