సొంత లారీతో బాడుగలకు దిగే ముందు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏళ్ల తరబడి ఒకరి లారీ తోలిన డ్రైవరుకు సొంత బండి కొనుక్కోవాలన్న ఆలోచన రావడం సహజం. బండి కొనడం ఇప్పుడంత కష్టం కాదు, ఫైనాన్సు వాళ్లు ఇంటికొచ్చి మరీ అప్పిస్తున్నారు. అసలు కష్టం ఆ బండికి రానూపోనూ లోడు చూసుకోవడంలో ఉంది. అందువల్ల షోరూము గడప తొక్కకముందే ఏ సరుకు, ఎవరి సరుకు, ఎక్కడికి తోలాలో తేల్చుకోవాలి.

ఈ ప్రాంతంలో సరుకుకు కొదవ లేదు. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైటు దిమ్మెలు, కృష్ణపట్నం రేవు నుంచి బొగ్గు, నెల్లూరు మిల్లుల నుంచి బియ్యం, ఒంగోలు వైపు నుంచి పొగాకు, పొదలకూరు నుంచి నిమ్మకాయలు నిత్యం కదులుతూనే ఉంటాయి. అయితే దిమ్మెలకు ట్రైలరు, బొగ్గుకు టిప్పరు కావాలి. వాటికి పని దొరికేది ఒకే రకం సరుకు మీద కాబట్టి, క్వారీ ఆగినా రేవులో ఓడ ఆలస్యమైనా బండి నిలబడిపోతుంది. మొదటి బండిగా ఓపెన్ బాడీ పది టైర్ల లారీయే మేలని నా అభిప్రాయం. బియ్యం దించిన చోటే సిమెంటో ఎరువులో ఎత్తుకుని రావచ్చు.

ఒక ట్రిప్పు లెక్క చూద్దాం. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. లోడుతో లీటరుకు 4, ఖాళీగా 6 కిలోమీటర్లు వస్తుందనుకుంటే పోవడానికి 44 లీటర్లు, రావడానికి 29 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు 98 రూపాయలనుకుంటే ఖాళీగా తిరిగి రావడానికే 2,800 పైచిలుకు ఖర్చవుతుంది, టోలు అదనం. బ్రోకరు చెప్పిన బాడుగలో ముందు రానూపోనూ డీజిల్, టోలు తీసేసి, మిగిలిన దానిలోంచి కిస్తీ, ఇన్సూరెన్సు, క్వార్టర్ టాక్సు, టైర్ల అరుగుదల తీసి చూస్తే గానీ ఆ బాడుగ గిట్టుతుందో లేదో తెలియదు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు పెయింటు చూసి మురిసిపోకుండా, ఛాసిస్ కింద పడుకుని వెల్డింగు అతుకులు, కమాను కట్టల పగుళ్లు చూడాలి. ఓవర్ లోడు మోసిన బండి చరిత్ర అక్కడే కనిపిస్తుంది. పరివాహన్ పోర్టల్‌లో చలాన్లు, టాక్సు, ఫిట్‌నెస్, ఫైనాన్సు వివరాలు సరిపోల్చుకోవాలి. పాత యజమాని పేరు మీదే ఆర్‌సీ ఉంచి, నోటి మాట మీద మిగతా కిస్తీలు మీరు కట్టుకునే ఒప్పందానికి ఒప్పుకోకండి. ప్రమాదం జరిగితే బాధ్యత ఆర్‌సీలో పేరున్నవారి మీద పడుతుంది, బండి మాత్రం మీ చేతికి దక్కకుండా పోవచ్చు. అప్పు తీరిన బండికైతే ఆర్‌సీలో ఫైనాన్సు పేరు తీయించే ఫారం 35, బాకీ లేదని ఫైనాన్సు సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ తీసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వాలి.

కాగితాల సంగతి చాలామందికి తెలిసిందే. రవాణా వాహనాల లైసెన్సుకు 20 ఏళ్లు నిండాలి, దాన్ని ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. రాష్ట్రం దాటాలంటే నేషనల్ పర్మిట్ తప్పనిసరి. దాని ఏడాది ఫీజు 16,500 రూపాయలు, ఆథరైజేషనుకు మరో 1,000. బండికి ఎనిమిదేళ్లు వచ్చే వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. స్వయంగా బండి తోలే యజమానికి ఇన్సూరెన్సులో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అందులో నామినీ పేరు రాయించారో లేదో ఒకసారి చూసుకోండి.

పది టైర్ల లారీ మొత్తం బరువు 28.5 టన్నులు మించకూడదు. మించితే జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000 చొప్పున కట్టాలి, ఎక్కువైన సరుకు దించాలి కూడా. సరుకు పార్టీ ఎంత బతిమాలినా, బరువు తూచిన కాటా చీటీ చేతికి రాకుండా బండి కదిలించకండి. సరుకు విలువ 50,000 దాటితే, జీఎస్టీ కింద సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లులో మీ బండి నంబరు సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఆ బిల్లుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు లెక్క. దారిలో బండి చెడిపోతే, గడువు ముగిసే ముందు ఎనిమిది గంటల్లో గానీ, ముగిసిన ఎనిమిది గంటల్లోపు గానీ పొడిగించమని పార్టీకో ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకో వెంటనే ఫోన్ చేసి చెప్పాలి.

అడ్వాన్సు ఎంత, బ్యాలెన్సు ఎప్పుడు, లోడు దించకుండా బండి ఆపితే ఇచ్చే హాల్టింగు రోజుకు ఎంత అన్నది లోడు ఎక్కకముందే రాయించుకోవాలి. దించిన చోట ఎల్ఆర్ (లారీ రసీదు) మీద ముద్ర, సంతకం లేకపోతే బ్యాలెన్సు చేతికి రాదు. పదికి మించి బండ్లు లేని యజమాని పాన్ నంబరు, డిక్లరేషను ఇస్తే బాడుగలో టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయకూడదు. చాలా ఆఫీసుల్లో ఈ సంగతి మీరు అడిగితేనే చెబుతారు. టైర్ల కోసం ప్రతి ట్రిప్పులో కొంత తీసి బండి పేరున వేరే ఖాతాలో వేయండి. ఇంటి ఖాతాలో వేస్తే జూన్‌లో బడి ఫీజులకు పోతుంది, వానల్లో అరిగిన టైర్లతోనే తిరగాల్సి వస్తుంది.