పిల్లోడు ఎవరి అరుగెక్కుతున్నాడో ముందు చూడండి

జమ్మలమడుగు దగ్గర నాకు వెల్డింగు షాపుంది. 19 ఏళ్లప్పుడు మాత్రం ఒక ఫ్యాక్షన్ నాయకుడి అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఆ ఏడు వానల్లేక చెనిక్కాయ ఊడలు దిగలేదు. అప్పులోళ్లకు మొహం చూపించలేక నాయన ఇంట్లోంచి బయటికే వచ్చేవాడు కాదు. అరుగు మీద మాత్రం 'ఏం అబ్బీ, తిన్నావా?' అని అడిగేవాళ్లు. సంగటి, ఊరిబిండి, చేతిఖర్చుకు 50 రూపాయలు. పగ మాట ఆ తర్వాతే ఎత్తినారు.

ఇప్పుడు ఫోన్లో ఉగ్రవాదం వైపు లాగేవాళ్లదీ ఇదే దారి. ముందు ఆప్యాయత, తర్వాత 'మనోళ్లకు ఎంత అన్యాయం జరిగిందో చూడు' అని వీడియో. పేదరికమొక్కటే కారణమంటే నేనొప్పుకోను. నాకంటే ఆకలితో ఉన్న పిల్లోళ్లు ఎందరో ఆ అరుగెక్కలేదు. ఆర్థికవేత్త అలన్ క్రూగర్ లెక్కలు తీస్తే పేదరికానికీ ఉగ్రవాదానికీ నేరుగా ముడి కనబడలేదని తర్వాత చదివినాను. కరువుకు అవమానం తోడై, మనిషి లెక్కలేకుండా పోయినప్పుడే పిల్లోడు చేజారుతాడు.

కాబట్టి వాడేం మాట్లాడుతున్నాడని కాదు, ఎవరు తినబెడుతున్నారు, డబ్బులెవరిస్తున్నారు అని చూడండి. పాత స్నేహితులను ఒక్కసారిగా వదిలేసినా, ఇంకో సిమ్ము దాచుకున్నా, ప్రతి మాటలో 'మేము, వాళ్లు' అంటున్నా తేలిగ్గా తీసుకోవద్దు.

ఫోను పగలగొట్టొద్దు. నలుగురి ముందు కొట్టొద్దు. మా నాయన నన్ను వీధిలో కొట్టిన రాత్రి నేను ఆ అరుగు మీదే పడుకున్నాను.

ఎదురెదురుగా కూర్చోబెట్టి నిలదీయకుండా, బండి మీద ఎక్కించుకుపోండి, చేనులో పక్కన నడవండి. 'నిన్నెవరేమన్నారు?' అని అడిగి ఊరుకోండి. జవాబుకు నాలుగు సాయంత్రాలు పట్టొచ్చు. మతం మీద, పార్టీ మీద వాదన పెట్టుకోవద్దు. వాదనలో గెలిచి పిల్లోణ్ణి పోగొట్టుకున్న ఇళ్లు నేను చూసినాను. నాయన కువైట్‌లో ఉంటే, అక్కడ సెలవైన శుక్రవారం కొడుకుతో తీరుబడిగా మాట్లాడమనండి, డబ్బుల సంగతి ఎత్తకుండా.

తర్వాత పని. నన్ను మా మేనమామ ప్రొద్దుటూరులో తన షెడ్డుకు తీసుకుపోయినాడు. నెలరోజులు ఒక్క ప్రశ్న వేయలేదు. ఎనిమిదింటికి నేను రాకపోతే టీ తాగకుండా కూర్చునేవాడు. ఆ ఎదురుచూపే నన్ను నిలబెట్టింది. నేనూ ఇప్పుడు నా షాపులో అట్లాంటి పిల్లోళ్లను ఇద్దరిద్దరిని పనికి పెట్టుకుంటాను. శనివారం కూలి వాళ్లమ్మ చూస్తుండగా పిల్లోడి చేతికే ఇస్తాను. సాయంత్రం ఆరు తర్వాత వాలీబాల్ నెట్టు కట్టిస్తాను, అరుగులు నిండేది ఆ వేళకే.

ఆయుధం మాట, ఫలానా రోజు అన్న మాట చెవినపడితే మంతనాలు మాని అదే గంటలో 112కు చెప్పండి. ఉచిత లాయరు కోసం 15100. ఊపా (ఉగ్రవాదం కేసుల్లో పెట్టే చట్టం) కింద కేసైతే బెయిలు మహా కష్టం, అంతదాకా రానివ్వొద్దు. పిల్లోడికి 18 నిండకపోతే పిల్లల సాయం నంబరు 1098కి ఫోన్ చేయండి. 2015 బాలల న్యాయ చట్టం 83వ సెక్షను ప్రకారం పిల్లలను ముఠాలో వాడుకున్నవాళ్లకు ఏడేళ్ల దాకా జైలు. ఈ మాట భయపడుతున్న తల్లికి చెప్పండి, ఆమె నోరు విప్పుతుంది.

పిల్లోడు పనిలోకి రాని రోజు ఫోన్ చేసి ఊరుకోవద్దు. చీకటి పడకముందే వాళ్లింటికి పోయి, 'తిన్నావా?' అని మీరే అడగండి.