జాతరలో జెయింట్ వీల్ ఎక్కే ముందు

చెరువుగట్టు జాతరైనా, కురుమూర్తి జాతరైనా దర్శనం కాగానే పిల్లలు చెయ్యి పట్టి లాగేది జెయింట్ వీల్ దగ్గరికే. 1893లో షికాగోలో తిరిగిన మొదటి పెద్ద చక్రం ఎత్తు 264 అడుగులు, దానికి కాంక్రీటు పునాదులు. మన జాతర చక్రం లారీలో వచ్చి, కొద్ది రోజుల కోసం బోల్టులతో బిగించింది. అందుకే టికెట్ కొనే ముందు ఒక ఆట అయ్యేదాకా కింద నిలబడి చూడండి.

- ముందు కాళ్ల వైపు చూడండి. స్తంభాల కింద చెక్క దిమ్మెలు పెడతారు. వానకు చెల్క నేల మెత్తబడి ఒక దిమ్మె దిగిందంటే, పిల్లలు ఎంత ఏడ్చినా ఎక్కించొద్దు.

- డబ్బా తలుపు గడియను మీ చేత్తో లాగి చూడాలి. ఒకసారి మా పాపను కూర్చోబెట్టాక గడియ పడ్డట్టే కనిపించింది, లాగితే ఊడొచ్చింది. పిన్ను ఉండాల్సిన చోట బైండింగ్ వైరు చుట్టి ఉంది. అప్పుడే దిగిపోయాం. పైసలు పోతే పోనీ.

- జడ, చున్నీ, కొంగు లోపలికి దోపుకోండి. జుట్టు విరబోసుకుని అసలే కూర్చోవద్దు.

- గాలిదుమారం లేస్తుంటే ఆగండి.

- గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు కిందే ఉండాలి. చిన్న పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు.

- పైన ఉండగా కరెంటు పోయి చక్రం ఆగితే టెన్షన్ పడి లేచి నిలబడకండి. డబ్బా ఊగుతుంది. ఆపరేటర్ కిందికి దించేదాకా కూర్చునే ఉండండి.